మెట్ల లైటు వేస్తే ల్యాండ్‌లైన్‌లో గుయ్యిమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది చిత్తూరు, కొంగారెడ్డిపల్లె. మా నాయనకు ఎనభై దాటాయి, చెవికి మిషన్ పెట్టుకుంటారు. సెల్‌ఫోన్ ఆయనకు అలవాటు కాలేదు. పలమనేరులో ఉన్న మా అత్తతో, పాత స్నేహితులతో ల్యాండ్‌లైన్‌లోనే మాట్లాడతారు. కిందటేడు ఇంటికి రంగులు వేయించి వైరింగ్ మార్పించాం, అప్పుడే హాల్లో నుంచి మేడ మీదికి ఇంకో ఫోన్ లాగించాం. ఆ రోజు నుంచి రిసీవర్ ఎత్తితే గుయ్‌మని ఒకటే మోత. సాయంత్రమైతే జాస్తి. మెట్ల లైటు వేస్తే ఇంకా పెరుగుతుందని మా వాడు అంటాడు, లైటుకూ ఫోనుకూ ఏం సంబంధమని నేను పట్టించుకోలేదు. బోరు మోటారు వేస్తే టక్‌మంటుంది, వానొస్తే గరగరమంటుంది. నెట్ కూడా ఆగి ఆగి వస్తోంది. లైన్‌మ్యాన్ వచ్చి చూసి బయట లైన్ బాగుందన్నాడు. ఎలక్ట్రీషియన్ తనకు సంబంధం లేదన్నాడు. షాపులో అడిగితే వైరుకు తగిలించుకోమని నల్ల బిళ్ల ఒకటి ఇచ్చారు, ఏమీ మారలేదు. ఫోన్ సరెండర్ చేసేయమంటారా?

సమాధానం: అమ్మా, సరెండర్ మాట తర్వాత. ముందు మీ అబ్బాయిని పిలిచి శభాష్ అనండి, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో అసలు ఆనవాలు పట్టింది వాడే.

మీరు రాసినవి ఒక జబ్బుకు మూడు లక్షణాలు కావు, మూడు వేరువేరు జబ్బులు. ఆగకుండా వచ్చే గుయ్ ఒకటి, మోటారు వేసినప్పుడు వచ్చే టక్ ఒకటి, వానకు వచ్చే గరగర ఇంకొకటి. మూడింటినీ కలిపి డిస్టర్బెన్స్ అనేస్తాం కాబట్టి వచ్చినవాళ్లు తలా ఒకటి చూసి నాది కాదని వెళ్లిపోయారు. లైన్‌మ్యాన్ ఎండలో వచ్చి చూసి ఉంటాడు, ఎండలో ఆ లైన్ నిజంగానే బాగుండి ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పాడనుకోనక్కర్లేదు.

ఫోన్ లైన్ ఎలా పనిచేస్తుందో ఒక్క నిమిషం చెబుతాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే తడుతుంది. ఎక్స్‌చేంజ్ నుంచి మీ ఇంటికి వచ్చేది రెండు రాగి తీగలు. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు వాటి మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది, రిసీవర్ ఎత్తితే అది పది వోల్టుల చుట్టుపక్కలకి పడిపోతుంది, మన మాట ఆ రెండు తీగల మధ్య చిన్న చిన్న అలలుగా పోతుంది. మన ఇంటి గోడల్లో, వీధి స్తంభాల మీద ఉండే 230 వోల్టుల కరెంటు ఈ తీగల మీదికి ఎప్పుడూ కొంత ఎక్కుతూనే ఉంటుంది, దాన్ని పూర్తిగా ఎవరూ ఆపలేరు. కానీ ఫోన్‌కు వినిపించేది రెండు తీగల మధ్య ఉన్న తేడా మాత్రమే. రెండింటి మీదికీ సమానంగా ఎక్కితే తేడా సున్నా, చెవికి ఏమీ తెలియదు. కావడి రెండు పక్కలా బరువు సరిగ్గా ఉంటే భుజం మీద కదలకుండా నిలబడినట్టే. ఒక తీగకు ఎక్కువ, ఇంకో తీగకు తక్కువ ఎక్కిందా, ఆ తేడా మొత్తం గుయ్‌మని చెవిలో పడుతుంది.

అందుకే టెలిఫోన్ తీగలను ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి తయారుచేస్తారు. మెలి ఉంటే ప్రతి కొన్ని సెంటీమీటర్లకు రెండు తీగలూ చోటు మార్చుకుంటాయి, పక్కన ఏ కరెంటు వైరున్నా రెండింటికీ సమానంగానే తగులుతుంది. మన ఊళ్లలో ఇంటి లోపల ఎక్స్‌టెన్షన్ లాగేటప్పుడు చాలామంది వాడేది మెలి లేని చదును వైరు, రెండు తీగలు పక్కపక్కనే అతికించినట్టు ఉంటుంది. మీటరు దూరానికి పరవాలేదు. మెట్ల పక్కన పైకి పోయే పైపులో, కరెంటు వైర్లతో కలిపి, అయిదారు మీటర్లు లాగితే మాత్రం ఒక తీగ ఎప్పుడూ కరెంటు వైరుకు దగ్గర, ఇంకోటి దూరం. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. వైరింగ్ మార్చిన రోజు నుంచి మొదలైంది, పైకి ఎక్స్‌టెన్షన్ అప్పుడే లాగారు, మెట్ల లైటుతో పెరుగుతోంది. ఇంకేం కావాలి!

తొమ్మిది వాట్ల బల్బుకు ఇంత మోతా అని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడ బల్బు ఎంత కరెంటు తాగుతుందన్నది ముఖ్యం కాదు. స్విచ్ వేయగానే ఆ పైపులో కింది నుంచి పై దాకా ఒక వైరుకు నిండుగా 230 వోల్టులు వస్తాయి, దానికి ఆనుకుని మీ ఫోన్ వైరు ఉంది, అంతే చాలు. పైగా చవక ఎల్ఈడీ బల్బుల్లో ఉండే చిన్న సర్క్యూట్ కరెంటును నున్నగా తీసుకోదు, ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాలకోసం తయారైంది కాబట్టి శుద్ధమైన 50 మనకు పెద్దగా వినపడదు. వినపడేది దాని గుణిజాలు, 150, 250, 350 అలా పైకి పోయేవి. ఎల్ఈడీ బల్బులు, పాత ట్యూబ్‌లైట్ చోకులు, గుండ్రంగా తిప్పే రకం ఫ్యాన్ రెగ్యులేటర్లు, చవక ఇన్వర్టర్లు అన్నీ ఈ గుణిజాలను పుట్టించేవే. సాయంత్రం ఇవన్నీ ఒకేసారి వేస్తారు. మోత సాయంత్రమే ఎందుకు జాస్తి అంటే అందుకు.

మెట్ల లైటులో ఇంకో మెలిక కూడా ఉండొచ్చు, దాన్ని మీ ఎలక్ట్రీషియన్ చేత తప్పకుండా చూపించండి. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉండే టూవే కనెక్షన్‌లో వైరు కలిసొస్తుందని కొందరు ఫేజ్ కింది అంతస్తు నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి తీసుకుంటారు. మామూలుగా ఫేజ్, న్యూట్రల్ ఒకే పైపులో పక్కపక్కన ఉంటే ఒకటి పోయే దారి, ఒకటి వచ్చే దారి, వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఇలా చెరో అంతస్తు నుంచి తెస్తే అది జరగదు, ఇల్లంతా ఒక పెద్ద చుట్టలా తయారవుతుంది. ఫోన్ సంగతి అటుంచి, ఇది ప్రమాదం కూడా. పై అంతస్తు ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) ఆపి పని చేసుకుంటున్నవాడికి కింది నుంచి వచ్చిన కరెంటు న్యూట్రల్‌లో తగలొచ్చు. అంతస్తుకొక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే ఆగిపోయే స్విచ్) పెట్టిన ఇళ్లలో మెట్ల లైటు వేయగానే అది ట్రిప్ అయితే కారణం చాలాసార్లు ఇదే.

ఇప్పుడు పరీక్ష. ఇంకో రూపాయి ఖర్చు పెట్టకముందే ఇది చేయండి, నా మాట వినండి, ఇంతవరకు మీరు పెట్టిన ఖర్చంతా పరీక్ష లేకుండా పెట్టిందే. కరెంటు ప్లగ్ అక్కర్లేని మామూలు వైరు ఫోన్ ఒకటి కావాలి. కార్డ్‌లెస్ పనికిరాదు, దాని అడాప్టరే ఒక్కోసారి మోతకు మూలం. రాత్రి వీధి సద్దుమణిగాక ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్‌ను కూడా పూర్తిగా ఆఫ్ చేయండి, లేకపోతే మెయిన్ ఆపగానే అది అందుకుంటుంది, పరీక్ష చెడిపోతుంది. ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్‌చేంజ్ నుంచే వస్తుంది కాబట్టి ఇల్లంతా చీకటైనా ఫోన్ పనిచేస్తుంది. రిసీవర్ ఎత్తి ఏదైనా ఒక్క అంకె నొక్కండి, డయల్ టోన్ ఆగిపోయి కొన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో వినాలి. గుయ్ పూర్తిగా పోయిందా, దోషం మీ ఇంటి కరెంటు నుంచి వస్తోంది. తగ్గి కొంచెం మిగిలిందా, ఇంటిదీ ఉంది, బయటదీ ఉంది. ఏమీ మారలేదా, బయట ఉన్న కరెంటు లైన్ల నుంచి ఎక్కుతోంది. అయితే ఇక్కడ తొందరపడి లైన్‌మ్యాన్ మీద పడకండి, ఎక్కేది బయట అయినా తీగల సమతూకం చెడింది మీ ఇంటి లోపలే కావచ్చు.

దాన్ని తేల్చేది రెండో పరీక్ష. బయటి నుంచి డ్రాప్ వైరు వచ్చి మీ ఇంట్లో మొదట చేరే చిన్న తెల్ల పెట్టె ఉంటుంది, రోజెట్ బాక్స్ అంటారు. దాని మూత తీసి, మేడ మీదికి పోయే రెండు తీగలను స్క్రూల నుంచి పూర్తిగా విడదీయండి. మోడెమ్, కార్డ్‌లెస్ అన్నీ పీకేయండి. బయటి నుంచి వచ్చిన జత, ఆ మామూలు ఫోన్, ఈ రెండే మిగలాలి. ఇప్పుడు ఇంట్లో అన్ని లైట్లూ వేసి వినండి. మోత లేదంటే బయట లైన్ బాగుంది, మీ లోపలి వైరింగ్‌దే తప్పు. గుయ్ కోసం లైన్‌మ్యాన్‌ను ఇంక పిలవక్కర్లేదు.

ఆ పెట్టె మూత తీసే ముందు ఒక జాగ్రత్త. మీ ఫోన్ వైరు కరెంటు పైపులోంచి పోతోందని అనుమానిస్తున్నాం కాబట్టి, ఎలుక కొరికో, లాగేటప్పుడు గీసుకునో కరెంటు వైరు దానికి తగిలి ఉండే అవకాశం లేకపోలేదు. ముందు నియాన్ టెస్టర్ పెట్టి చూడండి. 48 వోల్టుల డీసీకి టెస్టర్ వెలగదు. ఆగకుండా వెలుగుతోందంటే ముట్టుకోకండి, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫోన్ మోగేటప్పుడు లైన్లోకి సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది, చేతిలో తీగ ఉన్నప్పుడు మోగితే బాగానే జిల్లుమంటుంది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ఈ పని అసలు పెట్టుకోకండి, ఆ సమయంలో వైరు ఫోన్‌లో మాట్లాడటం కూడా వద్దు.

మూత తీసినప్పుడు లోపల బాగా చూడండి. మన వైపు ఈ పెట్టెల్లో చీమలు పుట్ట పెడతాయి, బల్లి గుడ్లుంటాయి, స్క్రూ కింద రాగి పచ్చగా చిలుమెక్కి ఉంటుంది. ఆ పచ్చదనమే సమతూకాన్ని చెడగొట్టే పెద్ద శత్రువు. ఒక తీగ స్క్రూ కింద శుభ్రంగా ఉండి, రెండోది చిలుముతో ఉంటే ఒక వైపు నిరోధం పెరుగుతుంది, గుయ్ మొదలవుతుంది, నెట్ కూడా దెబ్బతింటుంది. చిలుము పట్టిన ముక్క కత్తిరించి, కొత్తగా రాగి తేల్చి, పెట్టె కూడా కొత్తది వేయించండి. ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇదే, అందరూ మరిచిపోయేదీ ఇదే.

మేడ మీది వైరు సంగతికి వస్తే, దాన్ని ఆ పైపులోంచి తీసేయాల్సిందే. కరెంటు వైర్లూ, ఫోన్ వైరూ ఒకే పైపులో ఉండకూడదన్నది మోతకోసం పెట్టిన నియమం కాదు, ప్రాణంకోసం పెట్టింది. గోడలు మళ్లీ పగలగొట్టించుకోమని చెప్పడం లేదు, రంగులు వేయించి ఏడాదైందన్నారు కదా. మెట్ల రెయిలింగ్ అంచున సన్నటి పీవీసీ కేసింగ్ పట్టీ అతికించి అందులోంచి వేయొచ్చు, దూరం నుంచి కనపడదు. కరెంటు పైపుకు సమాంతరంగా పోవాల్సి వస్తే ఒక అడుగు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటించండి. వైరుగా మంచి కంపెనీ రాగి లాన్ కేబుల్ వాడితే సరిపోతుంది, అందులో నాలుగు మెలి జతలుంటాయి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చవకగా అమ్ముతారు, తీసుకోవద్దు, స్క్రూ కింద విరిగిపోతాయి. మీరే దగ్గరుండి చూడాల్సిన విషయం ఒకటుంది: నీలం, దానితో మెలిపెట్టి ఉన్న తెలుపు-నీలం, ఈ రెండే వాడాలి. ఇక్కడ చాలామంది నీలం ఒకటి, నారింజ ఒకటి తీసుకుని కలిపేస్తారు. ఫోన్ పనిచేస్తుంది, డయల్ టోన్ వస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ రెండు వేర్వేరు జతల నుంచి చెరో తీగ తీసుకుంటే మెలి ఉన్నా లేనట్టే, పడ్డ శ్రమంతా వృథా. స్క్రూ దగ్గర కూడా మెలిని అవసరమైనంతే విప్పాలి, జానెడు విప్పేసి వదలకూడదు.

నిజానికి మేడ మీద ఫోన్ ఎంత వాడుతున్నారో ఆలోచించండి. కొంచెమే అయితే పైకి వైరే వద్దు, కింద ఒక కార్డ్‌లెస్ సెట్ పెట్టుకుని దాని చేతి ఫోన్ పైకి తీసుకుపోండి. మీ స్థానంలో ఉంటే నేను అదే చేస్తాను. దానితో వచ్చిన అడాప్టరే వాడండి. పాత వైరును పైపులో వదిలేసినా, కింద పెట్టె దగ్గర రెండు తీగలూ విడదీసి, కొసలు టేపు చుట్టి వదలండి. ఒక కొస తగిలించి, రెండో కొస పైన ఊరికే వేలాడుతూ ఉంటే మోతతో పాటు మీ నెట్‌కూ అడ్డం.

మోటారు టక్ గురించి ఎక్కువ చెప్పను. బోరు మోటారు ఇండక్షన్ మోటారు, తిరిగేటప్పుడు లోపల నిప్పురవ్వలుండవు, స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే స్విచ్, అంటే కాంటాక్టర్, తగిలేటప్పుడు, విడిపోయేటప్పుడు మాత్రం రవ్వ లేస్తుంది. వేసినప్పుడు ఒక టక్, ఆపినప్పుడు ఒక టక్ అయితే బాధ లేదు, భరించేయండి. ఫోన్ వైరు స్టార్టర్ పెట్టె పక్క నుంచి పోతుంటే దూరం జరపండి, కాంటాక్టర్ కాయిల్‌కు ఆ టక్‌ను అణిచే చిన్న భాగం, ఆర్‌సీ సప్రెసర్, వేయమంటే ఎలక్ట్రీషియన్ వేస్తాడు. మోటారు తిరుగుతున్నంత సేపూ గరగర వస్తే మాత్రం ఎక్కడో వైరు వదులైంది, అది వెంటనే చూపించాలి, స్టార్టర్ కాలిపోతుంది. మిక్సీ వేరే కథ. దానిలో కార్బన్ బ్రష్‌లుంటాయి, తిరిగినంత సేపూ రవ్వలే. అరిగిన బ్రష్‌లు మారిస్తే సగం గోల తగ్గుతుంది.

ఇంట్లో ఏ వస్తువు గోల చేస్తోందో తెలియకపోతే సెల్లుతో పనిచేసే చిన్న రేడియో ఒకటి తీసుకుని మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టండి. ఇంట్లో తిరుగుతూ ఒక్కో లైటు, ఒక్కో ఛార్జర్, ఒక్కో రెగ్యులేటర్ దగ్గరికి తీసుకెళ్లండి. తప్పు చేసే వస్తువు దగ్గర రేడియో బర్రుమంటుంది. మీ అబ్బాయికి అప్పగించండి ఈ పని, వాడి చెవి మంచిది. ఒక్క స్విచ్ ఆపగానే ఆ బర్రు పోతే దొంగ దొరికినట్టే. వీధి స్తంభం దగ్గర అలా వస్తూ, రాత్రి పైన నిప్పురవ్వ కనపడితే అది వదులైన జంపర్ (స్తంభం మీద తీగలను కలిపే ముక్క) కావచ్చు, కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి స్తంభం నంబర్ చెప్పండి, ఎక్కే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. ఇంకో చిన్న విషయం, సెల్‌ఫోన్‌ను ల్యాండ్‌లైన్ మీద ఆనించి పెడితే కాల్ వచ్చే ముందు టటట టటట అని కొట్టొచ్చు. అది లైన్ దోషం కాదు, సెల్లును ఒక మీటరు జరిపితే పోతుంది.

షాపువాళ్లిచ్చిన నల్ల బిళ్ల ఫెర్రైట్. అది మోసం కాదు, పనికొచ్చే వస్తువే, కానీ మీ జబ్బుకు మందు కాదు. రేడియో తరంగాలు ఎక్కి, ఫోన్లో ఏదో స్టేషన్ పాటలు సన్నగా వినపడుతుంటే అది పనిచేస్తుంది, అదీ వైరును దానిలోంచి నాలుగైదు చుట్లు తిప్పితేనే. 50 హెర్ట్జ్ దగ్గరా, దాని గుణిజాల దగ్గరా అది ఉన్నా లేనట్టే.

నెట్ ఆగి ఆగి వస్తోందన్నారు. మీది రాగి లైన్ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ అయితే ఆ డేటా 25 కిలోహెర్ట్జ్ పైన మొదలై ఒకటి, రెండు మెగాహెర్ట్జ్ దాకా పోతుంది, మాట కింద, డేటా పైన, రెండూ అదే జత మీద. ఈ రెండింటినీ విడదీసేది స్ప్లిటర్. దానికి లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు రంధ్రాలుంటాయి. మేడ మీది ఎక్స్‌టెన్షన్‌ను స్ప్లిటర్ దాటాక ఫోన్ వైపు నుంచి తీయాలి. మీ ఇంట్లో స్ప్లిటర్ ముందే, నేరుగా పెట్టె నుంచి తీసి ఉంటారని నా అనుమానం. అలా అయితే ఆ ఫోన్‌లో సన్నగా స్‌స్‌స్ అని వినపడుతుంది, ఎవరైనా రిసీవర్ ఎత్తగానే నెట్ పడిపోతుంది. మోడెమ్ పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ అని ఒక అంకె కనపడుతుంది, డెసిబెళ్లలో, మోతను తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఎంత మిగులు ఉందో అది చెబుతుంది. 6 కంటే కిందికి దిగుతుంటే కనెక్షన్ తెగే అవకాశం ఎక్కువ, 10 పైన ఉంటే నిశ్చింత. మెట్ల లైటు వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడండి, అంకె కదిలితే మనం అనుకున్నది కంటికే కనపడుతుంది.

ఇక వాన గరగర. ఇది మీ ఇంట్లో కాదు, బయట ఎక్కడో అతుకులో నీళ్లు చేరుతున్నాయి. ఒక తీగ తడిసి భూమికి కారుతుంది, సమతూకం పోతుంది. మన వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ మూడు నెలలు గరగర, ఎండలు రాగానే దానంతటదే మాయం, మనం మరిచిపోతాం, మళ్లీ అక్టోబర్‌లో మొదలు. అందుకే ఫిర్యాదు వాన పడుతున్న రోజే బుక్ చేయండి, ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబర్ రాసి పెట్టుకోండి, ఇంకా తడి ఆరకముందే వచ్చి చూడమని గట్టిగా అడగండి. ఊరికే డిస్టర్బెన్స్ అనకండి. వాన పడితేనే వస్తోంది, లోపలి వైరింగ్ అంతా విడదీసి చూశాను, మొదటి పెట్టె దగ్గరే గరగర ఉంది, ఒక్కో తీగకు ఎర్త్‌తో ఇన్సులేషన్ కొలవండి, బాగోలేకపోతే డీపీ బాక్స్‌లో (వీధిలో లైన్లు పంచే పెట్టె) పెయిర్, అంటే తీగల జత, మార్చండి, అని చెప్పండి. ఇలా మాట్లాడితే పని జరిగే తీరే వేరు. అతుకు పెడితే ఉత్త మెలితిప్పి టేపు చుట్టడం కాదు, లోపల జెల్లీ ఉండి నీళ్లు చేరనివ్వని జెల్లీ కనెక్టర్ వేయమనండి. లోపలికి వచ్చే డ్రాప్ వైరు గోడ కంతలో దూరే ముందు కొంచెం కిందికి వేలాడాలి, నీళ్లు ఆ వంపు దగ్గర కారి పడిపోతాయి. అలా లేకపోతే వాన నీరు వైరు వెంబడి నేరుగా మీ పెట్టెలోకి వస్తుంది.

ఎవరైనా వచ్చి ఒక తీగను ఎర్త్‌కు కలిపితే మోత పోతుందంటే ఒప్పుకోకండి. ఒక తీగను భూమికి కట్టేస్తే సమతూకాన్ని మన చేతులతో మనమే చెడగొట్టినట్టు, మోత రెట్టింపవుతుంది, పిడుగు పడితే ఇంట్లోకి దారి చూపినట్టు కూడా.

మీ నాయన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెవి మిషన్లలో కొన్నిటికి టెలిఫోన్‌కోసం టీ అని ఒక అమరిక ఉంటుంది. అది పెట్టినప్పుడు మిషన్ శబ్దాన్ని వినదు, రిసీవర్‌లోని అయస్కాంత తరంగాన్ని నేరుగా అందుకుంటుంది. చాలా మంచి ఏర్పాటు, కానీ ఇన్వర్టర్, ట్యూబ్‌లైట్ చోకు, స్టెబిలైజర్ లాంటివి దగ్గరుంటే వాటి మోతనూ అందుకుంటుంది. వైరింగ్ అంతా సరిచేశాక మీకు నిశ్శబ్దంగా ఉండి, ఆయన మాత్రం ఇంకా గుయ్‌మంటోందంటే ఆయన మాట కొట్టిపారేయకండి. ఆయన్ను తల అటూ ఇటూ తిప్పి చూడమనండి, మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది మిషన్ అందుకునేదే. ఆయన కూర్చునే కుర్చీ, ఫోన్ స్టూలు ఇన్వర్టర్‌కు దూరంగా, గదికి రెండో వైపు మార్చండి. చాలా ఇళ్లలో ఫోన్ స్టూలు కిందే ఇన్వర్టర్ ఉంటుంది, చోటు కలిసొస్తుందని. మీ ఇంట్లోనూ అలాగే ఉందేమో చూడండి.

సరెండర్ చేయొద్దు. వైరింగ్ సరిచేసి, బయట పెయిర్ మార్చినా వానాకాలం గరగర తగ్గకపోతే అప్పుడు ఫైబర్‌కు మారే సంగతి అడగండి, అదే నంబర్ కొనసాగిస్తారా అని ముందే కనుక్కోండి. మీ అత్తకూ, మీ నాయన స్నేహితులకూ నోటికి వచ్చిన నంబర్ అది. ఫైబర్‌లో వచ్చేది వెలుగు, కరెంటు తీగ పక్కన పడుకోబెట్టినా దానికి మోత ఎక్కదు, వానకు గరగర రాదు. ఒక లోటుంది. ఫైబర్ పెట్టెకు మీ ఇంటి కరెంటు కావాలి, కరెంటు పోతే ఫోన్ కూడా పోతుంది. పెద్దాయన ఒక్కరే ఇంట్లో ఉండే వేళలుంటాయి కాబట్టి ఆ పెట్టెను ఇన్వర్టర్ లైన్‌కు కలిపించడం మరిచిపోవద్దు.

మళ్లీ రాసేటప్పుడు ఈ మూడు చెప్పండి: మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపినప్పుడు ఏం వినిపించింది, మొదటి పెట్టె దగ్గర అన్నీ విడదీసి ఒక్క ఫోన్ పెడితే ఏం వినిపించింది, అక్కడే ఫోన్ కూడా తీసేసి మల్టీమీటర్ పెడితే ఎన్ని వోల్టుల డీసీ చూపించింది. నలభై ఎనిమిదికి దగ్గరగా లేకుండా ముప్పైల్లో ఉంటే తీగ ఎక్కడో కారుతోంది, ఆ అంకె కూడా రాసుకుని లైన్‌మ్యాన్‌కు చూపించండి.